కళాయి మస్తాన్ కట్టిన లాంచీ డిపాజిట్ కోసం నేను విశాఖపట్నం వెళ్ళి వచ్చిన రోజు

ముందుగా ఒక మాట. నా చేతిరాత బాగోదు. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను, అంతే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. నేను కాగితాల మీద రాసింది మా కోడలు కంప్యూటర్‌లో కొట్టి ఇక్కడ పెడుతోంది. తనకి అర్థం కాని చోటల్లా నన్ను అడిగింది. అయినా తప్పులుంటాయి, మన్నించండి. పాపికొండల లాంచీ ప్రయాణానికి ముందుగా డబ్బు కట్టి, తరవాత వెళ్ళలేకపోయిన వాళ్ళు మీలో ఉండే ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది చీడికాడ దగ్గర చిన్న పల్లె. నలభై ఏళ్ళు బెల్లం వండే పని చేశాను. మస్తాన్‌ది అనకాపల్లి. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. ఏటా చెరుకు కొట్టే ముందు కొలిమి తిత్తి సైకిలుకి కట్టుకుని మా ఊరు వచ్చి, మా వాకిట్లోనే రెండు రోజులు మకాం వేసేవాడు. మతం వేరైనా మేమిద్దరం బావా అంటే బావా అనుకునే వరస కలుపుకున్నాం. అతని భార్య జైనబి నన్ను అన్నయ్యా అంటుంది. ఇళ్ళలోకి స్టీలు సామాన్లు వచ్చాక కళాయి పని పోయింది. మస్తాన్ అనకాపల్లి బజారు వెనక సందులో స్టవ్‌లు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు.

మొన్న వినాయక చవితి వెళ్ళాక అతని కొట్టు దగ్గర కూర్చున్నాను. పేపరులో పెట్టి పంచిన కరపత్రం ఒకటి తీసి నా చేతికిచ్చాడు. రెండు రోజుల గోదావరి లాంచీ విహారం అని ఉంది. విశాఖపట్నం నుంచి రైల్లో రాజమండ్రి, అక్కడి నుంచి బస్సులో పట్టిసీమ రేవు, లాంచీలో పాపికొండల దాకా, రాత్రికి ఇసకతిన్నెల మీద వెదురు గుడిసెల్లో బస, మర్నాడు తిరుగు ప్రయాణం. తిండితో కలిపి మనిషికి రెండువేల రెండువందలు.

"జన్మంతా మనం నిప్పుల ముందే కూకున్నాం బావా. ఓ రెండు రోజులు నీళ్ళ మీద కూకుందామా?" అన్నాడు.

"నీళ్ళ మీద కూకుంటే మునిగిపోతారు. లాంచీలో కూకోండి," అని జైనబి లోపల్నించి అంది.

అలా నలుగురం, అంటే మస్తాన్, జైనబి, నేను, నా భార్య నూకాలు, వెళ్దామనుకున్నాం. డిసెంబరు రెండో శనివారం ప్రయాణం. మగవాళ్ళిద్దరం విశాఖపట్నం వెళ్ళి, టూరు ఆఫీసులో మనిషికి వెయ్యి చొప్పున ముందుగా కట్టాం. మిగతాది బయల్దేరే ముందు కట్టాలి. కట్టేటప్పుడు మస్తాన్ జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"ఇది బయానా కాదు గదా బావా? బయానా అయితే ఎనక్కి రాదు."

మా వైపు బేరాల్లో బయానా అంటే అందరికీ తెలుసు. ఇచ్చినవాడు మాట తప్పితే అది పోయినట్టే. నేను రసీదు చూశాను. మిగతాదంతా ఇంగ్లీషు. అంకె పక్కన మాత్రం తెలుగులో డిపాజిట్ అని రాసి ఉంది. ఆ మాట నాకు తెలుసు. మా ఇంట్లో గ్యాసు బండకి డిపాజిట్ కట్టాం. కరెంటు మీటరుకి కట్టాం. నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో అదొకటి. అందుకే ధైర్యంగా చెప్పాను.

"బయానా కాదు. డిపాజిట్. గ్యాసు బండకి కట్టినట్టు. బండ ఇచ్చేత్తే డిపాజిట్ తిరిగొత్తాది గదా. ఇదీ అంతే."

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. నేను చెప్పానంటే నిజమే అని మస్తాన్ నమ్మకం. నాలుగు అయిదువందల నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

దసరా వారంలో మస్తాన్‌కి కుడిపక్క పడిపోయింది. చెయ్యి, కాలు రెండూ. మూతి కూడా ఒక పక్కకి తిరిగింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. మాట కొంచెం కొంచెంగా వచ్చింది. చెయ్యి రాలేదు. మందులు మానకూడదన్నారు. రోజూ ఒకాయన వచ్చి కాళ్ళూ చేతులూ ఆడించి వెళ్తాడు, అతనికీ ఇవ్వాలి. నేను చెరుకు డబ్బులో రెండువేలు పట్టుకెళ్ళి దిండు కింద పెట్టబోతే మస్తాన్ ఎడం చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీది నాకెందుకు బావా? నాది ఆళ్ళకాడుంది గదా. అది తెచ్చిపెట్టు." ఈ మాట చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది.

జైనబి వీధి గుమ్మం దాకా వచ్చింది. "ఆయన ఎవురి డబ్బులూ ముట్టుకోరన్నయ్యా. నా తమ్ముడిత్తేనే ఎనక్కి పంపేసేరు. మీరు తిరిగొత్తాదన్నారని, ఆ మాట మీద మందుల సాపాయనకి శుక్రారం ఇత్తానని సెప్పేను."

ఇంటికి వెళ్ళి రసీదు మా కోడలికి చూపించాను. తను వెనక్కి తిప్పి, సన్న అక్షరాలు చదివింది. "నాన్ రిఫండబుల్ అని ఉంది మావయ్యా," అంది. అంటే ఏమిటని అడిగాను. "ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వరని." డిపాజిట్ అని రాసి తిరిగి ఇవ్వకపోవడమేమిటని అడిగాను. తను రసీదు మళ్ళీ నా చేతికిచ్చింది. ఆ మాట మస్తాన్‌కి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముందు వెళ్ళి అడుగుదామనుకున్నాను.

బుధవారం పొద్దున్న ఆరింటికి చీడికాడలో బస్సెక్కాను. చోడవరం మీదుగా అనకాపల్లికి ఇరవై రూపాయలు. చోడవరం దాటాక చెరుకు బళ్ళు అడ్డం రావడంతో బస్సు మెల్లగా నడిచింది, ఎనిమిదింటికి దించాడు. అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి బస్సులున్నాయి గానీ, పాసింజరు దొరికితే చవక, ఎనిమిది రూపాయలు. గంట ప్రయాణం. రైల్లో కూర్చున్నంతసేపూ ఆఫీసులో ఏం అనాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. నాకు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే సిగ్గు. చిన్నప్పట్నించీ అంతే. బెల్లం బేరాలు కూడా మా అన్న చేసేవాడు, నేను పొయ్యి దగ్గర ఉండేవాణ్ణి.

విశాఖపట్నం స్టేషన్ బయట ఆటో అతను నలభై అడిగాడు. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు పక్క వీధికి అంత అవదు. పాతిక్కి కుదిరింది.

"టూరుల ఆఫీసుకా మావా? సేతిలో బేగు కూడా లేదు, ఏ టూరుకెల్తన్నావేటి?"

"ఎళ్ళడానికి కాదు బాబూ. డిపాజిట్ తిరిగి తెచ్చుకుందామని."

"డిపాజిట్టా? ఎలచ్చన్లో గాని నిలబడ్డావేటి? అక్కడైతే ఓట్లు రాపోతే గల్లంతే."

నేను నవ్వలేదు. ఆ మాట నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఎన్నికలైన ప్రతిసారీ ఫలానా వాడికి డిపాజిట్ పోయిందని రేడియోలో వింటూనే ఉన్నాను. పోయే డిపాజిట్ కూడా ఉంటుందని ఆ రోజు బల్ల దగ్గర గుర్తు రాలేదు. గ్యాసు బండ ఒక్కటే గుర్తొచ్చింది.

అతను అద్దంలోంచి నన్ను చూసి గొంతు తగ్గించాడు. "ఊరికే అన్నాను మావా, మనసులో ఎట్టుకోకు. ఒకటి సెప్తాను. ఆల్లు లేదంటే ఎంటనే లెగిసొచ్చీకు. అరవకు, కూకో. కూకున్న ముసలోణ్ణి ఎవుడూ తొయ్యడు." దిగేటప్పుడు నా దగ్గర పాతికే తీసుకున్నాడు, ముప్పై ఇస్తే అయిదు తిరిగి ఇచ్చాడు.

ఆఫీసు మేడ మీద. పదింటికి తీశారు. బల్ల దగ్గర కళ్ళద్దాలావిడ ఉంది, నలభై ఏళ్ళుంటాయి. మేము డబ్బు కట్టిన రోజున కూడా ఆవిడే ఉంది. రసీదు పెట్టి, రైల్లో అనుకున్నదంతా మర్చిపోయి, "మా బావకి బాగులేదండి. డబ్బులు తిరిగి ఇస్తారని వచ్చాను," అన్నాను.

ఆవిడ రసీదు తిప్పి చూపించింది. "ఇది నాన్ రిఫండబుల్ బాబాయిగారూ. లాంచీ వాళ్ళకి, రైలుకి ముందే కట్టేస్తాం మేము. నేను ఇద్దామన్నా సిస్టమ్ ఒప్పుకోదు."

"డిపాజిట్ అని రాశారు కదమ్మా."

"అవును, డిపాజిట్టే."

ఆవిడకి అందులో తేడా ఏమీ కనపడలేదు. జైనబి దగ్గర తీసుకున్న ఆసుపత్రి కాగితం తీసి చూపించాను. ఆవిడ చదివింది, లోపలి గదిలో మేనేజరుకి కూడా చూపించి వచ్చింది. "జబ్బు చేసినా రూలు అదేనండి," అని మెల్లగా చెప్పింది. కసురుకోలేదు. కసురుకుని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణేమో. గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను.

పదకొండయింది, పన్నెండయింది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, అరకు అని, తిరుపతి అని అడిగి వెళ్తున్నారు. ఒంటిగంటకి కిందకి దిగి భోజనం చేశాను, పద్దెనిమిది రూపాయలు. వడ్డించే అతను రెండోసారి అన్నం పెట్టబోతే వద్దన్నాను. "ప్లేటు కాదు, ఫుల్ మీల్సే గదా నాన్నా, తిను, మళ్ళీ డబ్బులడగం," అన్నాడు. తినాలనిపించలేదు. పైకి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ క్యారేజీ మూత పెడుతూ నన్ను చూసింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా?"

"శుక్రవారం మందుల షాపుకి ఇవ్వాలమ్మా. తిరిగొస్తుందని నేనే చెప్పాను అతనికి."

ఆవిడ క్యారేజీ పక్కన పెట్టింది. తరవాత ఇలా చెప్పింది. డబ్బు తిరిగి ఇవ్వడం ఆఫీసు చేతిలో లేదు. కానీ ప్రయాణానికి పదిహేను రోజుల ముందు దాకా పేర్లు మార్చుకోవచ్చు, మనిషికి యాభై రూపాయలు. మన బదులు వెళ్ళే వాళ్ళని మనమే వెతుక్కోవాలి, మన డబ్బు వాళ్ళ దగ్గర మనమే తీసుకోవాలి. "ఇది రసీదు మీద ఉండదు. అడిగిన వాళ్ళకే చెబుతాం," అంది. నేను అడగలేదు, ఊరికే కూర్చున్నాను. అయినా చెప్పింది.

ఎక్కడ వెతకను? ఆ ఊళ్ళో నాకెవరూ తెలీదు. రెండున్నర అవుతుండగా ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. గాజువాక నుంచి వచ్చామన్నారు. డిసెంబరు రెండో శనివారం లాంచీకి రెండు సీట్లు కావాలన్నారు. ఆవిడ పుస్తకం చూసి నిండిపోయాయని చెప్పింది. చెప్పి, కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూసింది.

వాళ్ళు తలుపు దాకా వెళ్ళిపోయారు. లేచాను. "మాకాడ ఉన్నాయండి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి చెప్పాను.

పెద్దాయన నన్ను పైనుంచి కిందకి చూశాడు. "ఏం, బ్లాకులో అమ్ముతున్నావా? ఎంత ఎక్కువ?"

సినిమా హాలు ముందు టిక్కెట్లు బ్లాకులో అమ్మేవాడిలా ఉన్నానన్న మాట. "ఎక్కువ లేదండి. కట్టిందే, మనిషికి వెయ్యి. మిగతాది మీరు ఆఫీసులో కట్టుకోవాలి."

"అంత మంచి సీట్లయితే మరి నువ్వెందుకు మానుకుంటున్నావు? లాంచీ సరిగా లేదా?"

"లాంచీ నేను చూడలేదు బాబూ. మా బావకి కుడిపక్క పడిపోయింది."

ఆయన భార్య ముందుకి వచ్చి, "ఎన్నాళ్ళయింది బాబాయ్?" అని అడిగింది. చెప్పాను. "మా నాన్నగారికీ ఇలాగే అయింది," అని ఆయన చేతిలో సంచీ తనే తెరిచి డబ్బు తీసింది. నాలుగు అయిదువందల నోట్లు. నాలుగు సీట్లున్నాయని చెప్పాను, వాళ్ళకి రెండే కావాలి.

బల్ల దగ్గరావిడ పెద్ద పుస్తకం తీసి అడిగింది, "ఏ ఇద్దరివి మార్చమంటారు?"

అందులో ఆలోచించేది లేదు. "షేక్ మస్తాన్, జైనబి," అన్నాను. ఆవిడ స్కేలు పెట్టి ఎర్ర పెన్ను అందుకుంది. మస్తాన్ పేరు మీద ఎర్ర గీత పడబోతుంటే చూడలేకపోయాను.

"కొట్టేయకండమ్మా. బతికున్న మనిషి."

ఆవిడ ఆగి నా మొహం చూసింది. ఎర్ర పెన్ను మూత పెట్టేసి, నీలం పెన్నుతో పేర్ల పక్కన "బదులు" అని రాసి, కింద గాజువాక వాళ్ళ పేర్లు రాసింది. మార్పు ఖర్చు వంద నా జేబులోంచి కట్టాను. నాకూ నూకాలుకీ కట్టిన రెండువేలు అలాగే ఉన్నాయి. జైనబి లేకుండా తను ఎక్కడికీ రానని నూకాలు ముందే చెప్పింది. నాకూ వెళ్ళాలని లేదు. వాటికి ఇంకో ఇద్దరిని వెతకడం నా వల్ల కాదు, అవి పోయినట్టే.

సాయంత్రం పాసింజరు ఆలస్యంగా వచ్చింది. అనకాపల్లిలో దిగేసరికి అయిదున్నర. స్టేషన్ నుంచి మస్తాన్ ఇంటికి నడిచి వెళ్ళొచ్చు. మంచం గుమ్మంలోకి వేసి ఉంది, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. డబ్బు తీసి ఇవ్వబోయాను. మస్తాన్ ఎడం చెయ్యి కొంచెం లేచింది, మళ్ళీ దించేశాడు. ఎడం చేత్తో డబ్బు తీసుకోవడం అతనికి జన్మలో లేదు. ఆ ఎడం చేత్తోనే ఒళ్ళో పడి ఉన్న కుడి చేతిని ఎత్తి, అరచెయ్యి పైకి తిప్పి, నా ముందుకి జరిపాడు. నేను నోట్లు అందులో పెట్టాను. వేళ్ళు ముడుచుకోలేదు. ఒక్కొక్కటే నేనే ముడిచాను. ఏళ్ళ తరబడి వేడి గిన్నెల్లో గుడ్డ పెట్టి రుద్దిన వేళ్ళు, గట్టిగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి.

"ఇచ్చేరా మరి," అని జైనబి అంది.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "ఆఫీసోళ్ళు కాదు. నాను సెప్పింది తప్పు బావా. డిపాజిట్లన్నీ తిరిగి రావంట. గాజువాక ఆలుమొగుళ్ళు మీ బదులు ఎల్తన్నారు, ఆళ్ళు ఇచ్చేరు."

తీసుకోడేమో అని భయపడ్డాను. మస్తాన్ చేతిలో నోట్ల వైపు చాలాసేపు చూశాడు.

"మంచోళ్ళా?" అన్నాడు.

"మంచోళ్ళ నాగే ఉన్నారు."

"ఎడం పక్క కూకోమని సెప్పేవా?"

నాకు అర్థం కాలేదు. జైనబి చెప్పింది. లాంచీ ఎక్కి వచ్చిన ఒకాయన స్టవ్ బాగుచేయించుకోడానికి వస్తే, ఏ పక్క కూర్చుంటే కొండలు బాగా కనిపిస్తాయో మస్తాన్ అడిగి తెలుసుకున్నాడట. ఎడం పక్క అని చెప్పాడట ఆయన. ఆసుపత్రిలో కూడా, మాట వచ్చిన రోజున, జైనబితో ఆ సంగతి అన్నాడట.

"సెప్పలేదు బావా. నాకు తెలీదు," అన్నాను.

"సెప్పవలసింది," అన్నాడు.

మొదటిసారి ఆ రసీదు చేతిలోకి తీసుకున్నప్పుడు, ఒక మాట నాకు తెలుసు కాబట్టి మిగతావన్నీ అడగక్కర్లేదనుకున్నాను. నా సిగ్గు దానికి తోడయింది. తెలీదని చెప్పి పక్కవాణ్ణి అడగడం కంటే, తెలిసినట్టు ఊరుకోవడమే నాకు సులువు. నా డబ్బు ఒక్కటే అయితే పోతే పోయిందనుకునేవాణ్ణి. నా మాట నమ్మి ఇంకొకరు జేబులో చెయ్యి పెట్టారు. శుక్రవారం జైనబి మందుల షాపులో ఇచ్చేసింది. మస్తాన్ కాలు ఇప్పుడు కొంచెం కదులుతోంది. చెయ్యి సంగతి డాక్టరు ఏమీ చెప్పడం లేదు.

మీరు ఎక్కడైనా ప్రయాణానికి ముందుగా డబ్బు కడితే, దాన్ని అడ్వాన్సు అన్నా డిపాజిట్ అన్నా, ఒక్క ప్రశ్న అడగండి. మేము వెళ్ళలేకపోతే మా బదులు వేరేవాళ్ళు వెళ్ళొచ్చా, ఎన్ని రోజుల ముందు దాకా పేర్లు మారుస్తారు, అని. ఆ జవాబు రసీదు వెనక రాయించుకోండి. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు బుధవారం, గురువారం వెళ్ళండి, జనం తక్కువ.

ఇంకొక్కటి. ఆ గాజువాక దంపతుల ఫోను నంబరు తీసుకోవాలని నాకు తోచలేదు. వాళ్ళు ఇది చదివితే, లాంచీలో ఎడం పక్కన కూర్చోండి. వాళ్ళు కాకపోయినా, మీలో ఎవరైనా ఆ దారిలో వెళ్ళి వచ్చి ఉంటే, ఎడం పక్క నుంచి ఏమేం కనిపించాయో ఈ పేజీ కింద కొంచెం వివరంగా రాయండి. నీళ్ళ రంగు, కొండలు ఎంత దగ్గరగా వస్తాయి, ఏదైనా సరే. మా కోడలు కాగితం మీద దింపి ఇస్తే నేను పట్టుకెళ్ళి చదివి వినిపిస్తాను. ఇలా అడుగుతానని చెప్పినప్పట్నించీ, నేను వెళ్ళినప్పుడల్లా మస్తాన్ ఎవరైనా రాశారా అని అడుగుతున్నాడు. దయచేసి త్వరగా జవాబు రాయండి.